హైవే మీద యాక్సిడెంట్ కనబడితే బండిని ఎలా దాటించాలి

యాక్సిడెంట్ జరిగిన చోట రెండో యాక్సిడెంట్ చేసేవాడు తాగి ఉండక్కర్లేదు, కునికిపాట్లు పడుతూ ఉండక్కర్లేదు. ‘అయ్యో పాపం, ఎవరికేమైందో’ అని తల పక్కకి తిప్పిన మంచివాడైనా చాలు. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు పక్కకి చూశారంటే నాలుగు ఆర్టీసీ బస్సులు వరసగా నిలబెట్టినంత దూరం మీ బండి మీ కళ్ళు లేకుండానే నడిచిపోయిందన్నమాట. సరిగ్గా ఆ దూరంలోనే మీ ముందువాడు కూడా చూద్దామని బ్రేకు తొక్కి ఉంటాడు.

గోదావరి జిల్లాల వాళ్ళకి ఎవరికేం జరిగినా పట్టించుకోకుండా పోవడం చేతకాదు. పక్క ఊరి బండి అయినా సరే, నంబరు ప్లేటు చూసి ‘మనవాళ్ళేమో’ అనుకుంటాం. అది మంచి గుణమే, నేనేమీ తప్పు పట్టడం లేదు. కాని స్టీరింగ్ చేతిలో ఉన్నంతసేపు ఆ గుణాన్ని కాసేపు జేబులో పెట్టుకోవాలి. యాక్సిడెంట్ దగ్గర మీకు రెండే పనులున్నాయి. ఒకటి, ఎవరికీ అడ్డం కాకుండా దాటిపోవడం. రెండు, పద్ధతిగా ఆగి సాయం చేయడం. నడుపుతూ చూడటమనే మూడో పనితోనే చిక్కంతా.

కింద చెప్పేవి ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా రాజమండ్రి పోయే రోడ్డుకి (నంబర్లు మారినా మనవాళ్ళ నోట్లో ఇంకా ఐదో నంబరు రోడ్డే), కత్తిపూడి నుంచి కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు మీదుగా పోయే 216కి, మధ్యలో కాలువ గట్ల మీద పోయే రోడ్లకి కూడా సరిపోతాయి.

బయల్దేరక ముందు

ఇక్కడ ఎక్కువ చెప్పడానికేం లేదు. ఫోన్ స్టాండులో పెట్టండి, దారి చూపించే మ్యాప్ కావాలంటే ఇంటి దగ్గరే పెట్టుకోండి. ముందు అద్దం లోపలి వైపు కూడా తుడవండి. బయట తుడిచి లోపల వదిలేసేవాళ్ళే ఎక్కువ, రాత్రి ఎదురు లైటు పడగానే ఆ లోపలి మసకే కళ్ళకి అడ్డం పడుతుంది. డిక్కీలో ఎర్ర ట్రయాంగిల్, టార్చిలైటు, రెండు పాత తువ్వాళ్ళు ఉంచండి. మూడు నంబర్లు గుర్తుంచుకోండి. అన్ని అత్యవసరాలకీ 112, అంబులెన్సుకి 108, జాతీయ రహదారుల మీద ఏం జరిగినా 1033.

ముందు సీట్లో కూర్చునేవాళ్ళకి ఒక పని అప్పగించండి. ఫోన్ చెయ్యాల్సి వస్తే వాళ్ళే చెయ్యాలి, దారి చూడాల్సి వస్తే వాళ్ళే చూడాలి. బయల్దేరేటప్పుడే చెబితే గొడవ ఉండదు.

దూరం నుంచే పసిగట్టండి

అసలు నైపుణ్యమంతా ఇక్కడే ఉంది. యాక్సిడెంట్ కళ్ళకి కనబడేసరికి మీ వేగం ఇప్పటికే తగ్గి ఉండాలి. అలా ఉండాలంటే, కనబడక ముందే దాని జాడ తెలుసుకోవాలి.

పగలైతే జాడలు చాలా ఉంటాయి. ఎదురుగా వచ్చే లారీలు ఒకటి తర్వాత ఒకటి డిప్పర్ కొడుతున్నాయంటే ముందు ఏదో ఉంది. పోలీసు చెకింగ్ అయినా కావచ్చు, పల్టీ కొట్టిన బండి అయినా కావచ్చు. ఏదైనా మీరు చెయ్యాల్సింది ఒకటే, వేగం తగ్గించడం. రోడ్డు వార మోటార్‌సైకిళ్ళు వరసగా స్టాండు వేసి ఉన్నాయి, వాటి మీద మనుషులు లేరు అంటే వాళ్ళంతా ముందెక్కడో గుంపుగా నిలబడ్డారని అర్థం. మీ లేన్లోకి ఆటోలు రాంగ్ రూట్లో ఎదురొస్తున్నాయంటే ముందు రోడ్డు మూసుకుపోయిందని అనుకోండి. అరటి గెలలు, కొబ్బరికాయలు, కడియం నర్సరీ మొక్కల కుండీలు రోడ్డు మీద దొర్లుతుంటే అవి పడిన లారీ కాస్త ముందే ఉంటుంది.

చెట్టు కొమ్మ సంగతి వేరేగా చెప్పాలి. లారీ ఆగిపోతే క్లీనర్ కిందికి దిగి, అందిన కొమ్మ విరిచి, లారీ వెనకాల రోడ్డు మీద వేస్తాడు. పచ్చటి ఆకులు తారు మీద పగలు బాగానే కనబడతాయి. రాత్రి మాత్రం లైటు వెలుగులో నల్లగా, నీడలా ఉంటాయి. పైగా చాలామంది ఆ కొమ్మని లారీకి పదడుగుల దూరంలోనే వేస్తారు. అంత దగ్గర కొమ్మ చూసి మీరు బ్రేకు తొక్కితే ఆగేది లారీ కిందే. కాబట్టి కొమ్మ కనబడిందంటే ‘లారీ దగ్గరికి వచ్చేశాను’ అనుకోండి. రాళ్ళ విషయం ఇంకా విచిత్రం. లారీ చుట్టూ రాళ్ళు పేరుస్తారు, రిపేరు అయ్యాక లారీ వెళ్ళిపోతుంది, రాళ్ళు మాత్రం ఉంటాయి. సార్వా కోతలప్పుడు నవంబరు, డిసెంబరు నెలల్లో, దాళ్వా కోతలప్పుడు ఏప్రిల్, మే నెలల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఆ అంచున కూడా రాళ్ళే పేరుస్తారు. దూరం నుంచి చూస్తే ధాన్యమో, చెడిపోయిన లారీయో, పడిపోయిన మనిషో తెలియదు. అదేంటో తెలిసేదాకా ఎదురుచూడకండి, రాళ్ళ వరస కనబడగానే నెమ్మదించండి.

రాత్రి సంగతి మరీ కష్టం. పడిపోయిన బండికి లైట్లు ఆరిపోయి ఉంటాయి. వెనక లైటే లేని ట్రాక్టర్లు, వరికోత మిషన్లు మన రోడ్ల మీద కొత్తేమీ కాదు. ముందు వెళ్ళే బండి బ్రేకు లైట్లు ఒకటి రెండుసార్లు టకటకా వెలిగితే, దాని ముందేముందో మీకు కనబడకపోయినా మీ కాలు యాక్సిలరేటర్ మీంచి వచ్చెయ్యాలి. పొగమంచు ఉన్న డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో అయితే ఒక్కటే లెక్క. మీకెంత దూరం కనబడుతోందో, అంత దూరంలో ఆగగలిగే వేగమే మీ వేగం. సంక్రాంతికి ఊరు చేరాలన్న తొందరలో హైదరాబాదు నుంచి రాత్రంతా నడిపి తాడేపల్లిగూడెం దాటేసరికి మంచులో పడేవాళ్ళకి ఈ మాట మరీ అవసరం.

దగ్గరికి వచ్చేటప్పుడు కాలూ, కన్నూ

ముందు యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యండి. తర్వాత వెనక అద్దం చూడండి. ఆ తర్వాతే బ్రేకు. ఈ వరస ముఖ్యం, ఎందుకంటే మీ వెనక వచ్చేవాడు మీకంటే ముందే యాక్సిడెంట్ వైపు చూస్తూ ఉండవచ్చు. వాడికి మీరు ఆగుతున్న సంగతి చెప్పాలి. బ్రేకు పెడల్‌ని రెండు మూడుసార్లు తేలిగ్గా తొక్కి లైటు వెలిగించండి, నాలుగు ఇండికేటర్లూ వేసి ఉంచండి. మీ వెనక రెండు మూడు బండ్లు వచ్చి చేరి, వరస నెమ్మదించాక ఇండికేటర్లు ఆపెయ్యండి. లేకపోతే మీరు లేన్ మారేటప్పుడు ఎటు వస్తున్నారో ఎవరికీ తెలియదు.

వేగం ఎంత తగ్గించాలి అంటారా? లెక్క చూడండి. 80లో వెళ్తున్న కారు, డ్రైవరు గమనించి కాలు కదిపేందుకు ఒక సెకను తీసుకుంటే, పొడి రోడ్డు మీద పూర్తిగా ఆగేసరికి 60 మీటర్ల దాకా పోతుంది. 40లో అయితే 20 మీటర్లు. వేగం సగమైతే బ్రేకు వేశాక పోయే దూరం నాలుగో వంతుకి తగ్గుతుంది. వాన పడితే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. చేపల కంటైనర్ల నుంచి, రొయ్యల ట్రేల నుంచి కారిన నీళ్ళతో తడిసిన రోడ్డయితే వాన లేకపోయినా పెరుగుతుంది. భీమవరం, నరసాపురం వైపు నడిపేవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు.

ముందు బండికి ఎంత ఎడం ఉండాలో కొలవడానికి సులువైన పద్ధతుంది. ముందు బండి ఏదో ఒక కరెంటు స్తంభాన్ని దాటగానే ‘ఏడుకొండలవాడా వెంకటరమణా గోవిందా గోవిందా’ అని మామూలుగా అనండి. అది పూర్తయ్యేలోపు మీరు అదే స్తంభం చేరుకుంటే మరీ దగ్గరగా ఉన్నారు. అది అనడానికి మూడు సెకన్ల పైచిలుకు పడుతుంది, ఆ మూడు సెకన్లే మీకు కావాలి. వానలో రెండుసార్లు అనండి.

ఇక కన్ను. బండి మనం చూసిన వైపే పోతుంది. సైకిల్ నేర్చుకునేటప్పుడు గుంత వైపు చూస్తే గుంతలోనే పడతాం కదా, కారుకీ లారీకీ కూడా అంతే. తల కుడికి తిరిగితే భుజం తిరుగుతుంది, భుజంతో పాటు చెయ్యి, చేతితో పాటు స్టీరింగ్. నడిపేవాడికి ఇది తెలియను కూడా తెలియదు. అందుకే యాక్సిడెంట్ బండి వైపు కాకుండా, దాన్ని దాటాక మీరు పోవాల్సిన ఖాళీ వైపు చూడండి. ముందు బండి వెనక అద్దంలోంచి దాని ముందు బండిని చూడటానికి ప్రయత్నించండి. పక్కనున్నదంతా ఓరకంటికే కనబడుతుంది, అంత చాలు.

లేన్ కూడా ముందే తేల్చుకోండి. ఎడమ లేన్ మూసుకుపోయిందని తెలిశాక చివరి దాకా అందులోనే వెళ్ళి, అక్కడ ఇండికేటర్ వేసి ముక్కు దూర్చడం మనకి బాగా అలవాటు. ఆ చివర్లోనే పోలీసులు, స్ట్రెచరు మోసేవాళ్ళు, ఏడుస్తున్న కుటుంబసభ్యులు నిలబడి ఉంటారు. సర్వీసు రోడ్డులోంచి దూసుకెళ్ళి ముందు కలుద్దామనుకోవడం అంతకంటే ఘోరం. అంబులెన్సుకి తరచుగా మిగిలేది ఆ ఒక్క దారే.

దాటే ఆ వంద మీటర్లు

వేగం 20, 30 మధ్య ఉంచండి. పూర్తిగా ఆగకండి, పోలీసు చెయ్యి చూపిస్తే తప్ప. ఆగి, ‘ఏమైందండీ? ఎవరైనా పోయారా?’ అని అద్దం దించి అడిగేవాడి వల్లే వెనక కిలోమీటరు జామ్ అవుతుంది.

రోడ్డు చూడండి. పగిలిన పక్క అద్దాలు చిన్న చిన్న తెల్ల ముక్కలుగా రోడ్డంతా పరుచుకుని ఉంటాయి. వాటి మీద నెమ్మదిగా, స్టీరింగ్ తిప్పకుండా పోతే టైరుకి పెద్దగా ఏమీ కాదు. డీజిలు, ఇంజనాయిలు పడితే తారు మీద నల్లటి నిగనిగ కనబడుతుంది, తడిమీద అయితే రంగులు తేలతాయి. దాని మీద బ్రేకు వెయ్యకండి, గేరు మార్చకండి. మనుషులు ఎటు నుంచైనా రోడ్డు మీదికి వస్తారు. ఆగిన బస్సు ముందు నుంచి ఒకడు ఫోన్ పట్టుకుని వెనక్కి నడుస్తూ వస్తాడు. మీ వైపు చూడడు. వాడు చూడడన్న లెక్కతోనే నడపాలి.

ఫోన్ ఎత్తకండి. వీడియో తీసి స్టేటస్‌లో పెడితే ఎవరికి మేలు? ఆ ఇంటివాళ్ళకి ఆస్పత్రి నుంచి కబురు రాకముందే ఎవరి ఫోన్లోనో కొడుకు బండి కనబడటం ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించండి. నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుని వాడటం మోటారు వాహనాల చట్టం 184 సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగే. మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ.

అసలు చిక్కు చాలాసార్లు బండి లోపలే ఉంటుంది. ‘ఏవండీ, అటు చూడండి’ అని ఒకరు, ‘నాన్నా, రక్తం’ అని వెనక నుంచి పిల్లలు. అత్తగారు వెనక సీట్లో ఉంటే ‘అల్లుడుగారూ, ఎంత ఘోరమో చూశారా’ అంటారు. చూడకపోతే మర్యాద కాదేమోనని మన అల్లుడుగారు చూస్తారు. ఇలాంటప్పుడు మొహమాటం వద్దు. ‘అత్తయ్యగారూ, ఇది దాటాక చెప్పండి, ఇప్పుడు నేను చూడకూడదు’ అనండి. ఎవరూ ఏమీ అనుకోరు. పిల్లలుంటే వాళ్ళ తల ఇటు తిప్పే పని వెనక కూర్చున్న పెద్దవాళ్ళది.

సైరన్ వినబడితే ఎడమకి జరిగి దారి ఇవ్వండి. అంబులెన్సుకి, ఫైరింజనుకి దారి ఇవ్వకపోతే 194ఇ సెక్షన్ ప్రకారం 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. దాని వెనకాలే తోక పట్టుకుని దూరిపోవడం తెలివి అనుకునేవాళ్ళున్నారు. అంబులెన్సు యాక్సిడెంట్ దగ్గర టక్కున ఆగుతుంది, మీరు దాని వెనక తలుపులోకి పోతారు.

అవతలి రోడ్డు మీద జరిగితే

చాలామంది ‘మన వైపు కాదు కదా’ అని ఇక్కడ జాగ్రత్త వదిలేస్తారు. మీ వైపు రోడ్డు ఖాళీగా ఉంది, అడ్డం ఏమీ లేదు, కాబట్టి వేగం తగ్గించరు, కాని తల మాత్రం డివైడర్ గన్నేరు మొక్కల సందుల్లోంచి కుడికి తిరుగుతుంది. ఒక్కడు చూద్దామని కాస్త నెమ్మదిస్తాడు, వెనకవాడు ఇంకాస్త గట్టిగా బ్రేకు వేస్తాడు, ఆ వెనకవాడు ఇంకా గట్టిగా. ఇలా వెనక్కి పాకుతూ పాకుతూ ఎక్కడో యాక్సిడెంట్ కనబడనంత దూరంలో ఒకడు ముందు బండికి గుద్దుతాడు. మొదట చూసినవాడికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు, వాడు ఈపాటికి ఈతకోట టోల్‌గేటు దాటి ఉంటాడు.

ఇక్కడ మీరు చెయ్యాల్సింది నలుగురితో సమానంగా, ఒకే వేగంతో పోవడం. కుడి లేన్లో ఉంటే వీలు చూసుకుని ఎడమకి రండి, ఎందుకంటే డివైడర్ దాటి సాయానికి పరిగెత్తే జనం కుడి లేన్లోకే దూకుతారు.

216 మీద రెండు వైపులా పోయే బండ్లకి మధ్యలో చాలాచోట్ల డివైడరే ఉండదు. అక్కడ తల తిప్పితే పోయేది ఎదురుగా వచ్చే బండి మీదికే. ఇంకేం చెప్పను.

వంతెనలు, కాలువ గట్లు

సిద్ధాంతం దగ్గర వశిష్ఠ మీద, జొన్నాడ దగ్గర గౌతమి మీద, చించినాడ, ఎదుర్లంక వారధుల మీద బండి ఆగిపోతే పక్కకి తీసే చోటు ఉండదు. పిట్టగోడ, దాని పక్కనే మీ చక్రం. గోదారి పొంగినప్పుడు నీళ్ళు చూడ్డానికే బండ్లు ఆపేస్తారు, ఇక యాక్సిడెంట్ కూడా అయితే చెప్పక్కర్లేదు. వంతెన ఎక్కకముందే ముందు ఆగిపోయిన వరస కనబడితే, వీలుంటే వంతెన ఎక్కకుండా ఒడ్డునే ఆగండి. ఎక్కేశాక ఆగాల్సి వస్తే బండిలోంచి దిగి పిట్టగోడ దగ్గర నిలబడి చూడకండి. వెనక నుంచి ఇంకో బండి వస్తే మీకు తప్పుకునే చోటుండదు. వాడపల్లి వెంకన్న గుడికి జనం వెళ్ళే శనివారాల్లో రావులపాలెం చుట్టుపక్కల ఇది గుర్తు పెట్టుకోండి.

కాలువ గట్టు రోడ్లలో ఒక వైపు కాలువ, ఇంకో వైపు పంట బోదె. కాలువలో కారు పడిందంటే గట్టు మీద వందమంది చేరతారు, వాళ్ళ బండ్లు రోడ్డుకి అడ్డంగా ఉంటాయి. క్రేను రావడానికి దారే ఉండదు. మీ బండిని అక్కడికి తీసుకెళ్ళకండి. ముందే వెడల్పు ఉన్న చోట, కల్లం దగ్గరో ఊరి మొగలోనో ఆపి నడిచి వెళ్ళండి. ఈత రాకపోతే నీళ్ళలో దూకకండి. తాడు తెప్పించగలిగితే అదే పెద్ద సాయం.

బైకు మీద ఉంటే

వెనక కూర్చున్న మనిషి నడుము తిప్పి వెనక్కి చూస్తే బైకు ఆ వైపు లాగుతుంది. నెమ్మదిగా పోయేటప్పుడు ఆ లాగుడు ఇంకా ఎక్కువ తెలుస్తుంది. కాబట్టి వాళ్ళకి కూడా ముందే చెప్పండి. లారీల మధ్య సందుల్లో దూరకండి, జామ్‌లో ఉన్న లారీ డ్రైవరు కూడా యాక్సిడెంట్ వైపే చూస్తున్నాడు, తన ఎడమ చక్రం పక్కన మీరున్నారని వాడికి తెలియదు. నూనె పడిన చోట బైకు కాళ్ళతో తోసుకుంటూ నడిపించుకు పోయినా నామోషీ కాదు.

షేర్ ఆటోవాళ్ళకి ఒక్క మాట. ఆటో అక్కడ ఆగిందంటే ఎక్కినవాళ్ళంతా దిగి చూడ్డానికి పోతారు, మళ్ళీ ఎక్కించుకోవడానికి పావుగంట. ఆపకండి బాబూ.

ఆగి సాయం చెయ్యాలనుకుంటే

ఇప్పటికే పోలీసులో, అంబులెన్సో, పదిమందో ఉంటే మీరు ఆగక్కర్లేదు. ఎవరూ లేకపోతే ఆగండి, తప్పకుండా ఆగండి. కాని ఆగే పద్ధతి తెలియాలి.

2023 జూలై 20 తెల్లవారకముందు అహ్మదాబాద్‌లో ఇస్కాన్ ఫ్లైఓవర్ మీద ఒక జీపు ముందున్న టిప్పరుని గుద్దింది. అది చూడ్డానికి, సాయం చెయ్యడానికి జనం రోడ్డు మీద గుమిగూడారు. అంతలో అతివేగంగా వచ్చిన కారు ఆ గుంపులోకి దూసుకుపోయి 9 మంది చనిపోయారు. వాళ్ళలో డ్యూటీలో ఉన్న ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు కూడా ఉన్నారు. మొదటి యాక్సిడెంట్ కంటే ఎన్నో రెట్లు పెద్దది రెండోది.

అందుకే బండిని యాక్సిడెంట్ దాటాక, ముందుకి తీసుకెళ్ళి, తారు రోడ్డు దిగి ఎడమ వార ఆపండి. నాలుగు ఇండికేటర్లు వెయ్యండి. అందరినీ ఎడమ తలుపులోంచి దింపి రోడ్డుకి దూరంగా, చేను వైపు నిలబెట్టండి. తర్వాత ట్రయాంగిల్ పట్టుకుని, వచ్చే బండ్లకి ఎదురుగా, రోడ్డు వారగా వెనక్కి నడిచి కనీసం 50 మీటర్ల దూరంలో పెట్టండి. హైవే మీద అయితే వంద మీటర్లు పోయినా ఎక్కువ కాదు. మలుపులోనో వంతెన దిగుడులోనో అయితే ఆ మలుపు మొదలయ్యే ముందు పెట్టాలి. రాత్రయితే టార్చిలైటు ఊపుతూ ఒకరు అక్కడే ఉండాలి. జనంలో గొంతు పెద్దగా ఉన్న కుర్రాణ్ణి ఒకణ్ణి చూసి ‘తమ్ముడూ, నువ్వు వెనక బండ్లు ఆపు’ అనండి. ఏదో ఒక పని చెప్పేదాకా అందరూ చూస్తూనే ఉంటారు, చెబితే మాత్రం మనవాళ్ళు ప్రాణం పెట్టి చేస్తారు.

దెబ్బ తగిలినవాళ్ళని లాగెయ్యకండి. బండికి మంట అంటుకుంటేనో, నీళ్ళలో ఉంటేనో, ఇంకో బండి గుద్దేలా ఉంటేనో తప్ప అంబులెన్సు వచ్చేదాకా కదపకపోవడం మేలు. మెడ, వెన్ను దెబ్బ ఉంటే లాగడమే అసలు హాని అవుతుంది. రక్తం కారే చోట తువ్వాలు మడిచి గట్టిగా అదిమి పట్టుకోండి, మాటిమాటికీ తీసి చూడకండి. నోట్లో నీళ్ళు పొయ్యకండి.

ట్యాంకరు పల్టీ కొడితే సాయం సంగతి పక్కన పెట్టి దూరంగా వెళ్ళండి. గ్యాసు గాల్లో కలిశాక ఎంత చిన్న నిప్పు చాలునో ఈ డెల్టా జనానికి కొత్తగా చెప్పాలా? 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపు లీకై అంటుకున్నది కోనసీమ మర్చిపోలేదు. వాసన వస్తే గాలి వీచే దిక్కుకి అడ్డంగా పక్కకి జరిగి, తర్వాత గాలికి ఎదురు వైపు వెళ్ళండి. బండి స్టార్టు చెయ్యకండి, సిగరెట్టు సంగతి చెప్పక్కర్లేదు. పెట్రోలో నూనో కారుతోందని బిందెలు తెచ్చుకునేవాళ్ళు 2017 జూన్ 25న పాకిస్తాన్‌లో బహావల్‌పూర్ దగ్గర ఏమయ్యారో గుర్తు చెయ్యండి. పడిన ట్యాంకరు చుట్టూ చేరినవాళ్ళలో రెండొందల మందికి పైగా కాలిపోయారు. రొయ్యల లారీ, బీరు లారీ పడితే ఏరుకోవడం కూడా దొంగతనం కిందికే వస్తుంది, అది వేరే సంగతి.

‘పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాలి’ అన్న భయం ఇంకా పోలేదు. సాయం చేసినవాళ్ళని వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019 సవరణతో చట్టంలోకి 134ఎ సెక్షన్ వచ్చింది. మంచి ఉద్దేశంతో, ఏమీ ఆశించకుండా సాయం చేసినవాళ్ళ మీద ఆ మనిషికి జరిగిన దానికి కేసు పెట్టడం కుదరదు. మీ పేరు చెప్పమని బలవంతం చెయ్యకూడదు, ఆస్పత్రిలో ఆపి ఉంచకూడదు, డబ్బు కట్టమనకూడదు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాళ్ళకి ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు నగదు లేని చికిత్స పథకం కూడా అమల్లో ఉంది. ‘ముందు డబ్బు కట్టాలేమో’ అని ఆగిపోయేవాళ్ళకి ఈ సంగతి చెప్పండి. మొదటి గంటలో ఆస్పత్రికి చేర్చి ప్రాణం కాపాడినవాళ్ళకి కేంద్రం ఇచ్చే బహుమతిని కూడా అదే ఏడాది 5,000 నుంచి 25,000 రూపాయలకి పెంచారు.

దాటాక

అక్కడి నుంచి బయటపడగానే కాలు దానంతటదే యాక్సిలరేటర్ నొక్కుతుంది. పోయిన పది నిమిషాలూ పూడ్చుకోవాలన్న తొందర ఒకటి, ఇప్పటిదాకా బిగబట్టింది వదలడం ఒకటి. అద్దంలో వెనక్కి చూస్తూ వేగం పెంచడం కూడా ఇక్కడే జరుగుతుంది. ఒక కిలోమీటరు దాకా అదే వరసలో, అదే లేన్లో పోండి. చూసింది మనసులో తిరుగుతూ చేతులు వణుకుతుంటే తర్వాతి హోటల్ దగ్గర ఆపి టీ తాగండి, వేరేవాళ్ళకి నడపడం వస్తే తాళం వాళ్ళకివ్వండి. బండిలో దాని గురించి మాట్లాడుకోవడం కూడా అక్కడికి వాయిదా వెయ్యండి, చెబుతూ నడిపేవాడు మళ్ళీ మనసులో అక్కడికే పోతాడు.

ఎవరూ ఫోన్ చేసినట్టు అనిపించకపోతే పక్కన కూర్చున్నవాళ్ళ చేత చేయించండి. ఒంటరిగా ఉంటే తారు దిగి ఆపాకే చెయ్యండి. ‘తణుకు దగ్గర యాక్సిడెంట్ అయింది, రండి’ అంటే వాళ్ళకి ఏమీ అర్థం కాదు. రోడ్డు వార కిలోమీటరు రాయి ఉంటే దాని మీది నంబరు చెప్పండి. లేకపోతే దాటొచ్చిన ఊరు, రాబోయే ఊరు, మధ్యలో కనబడే పెట్రోలు బంకో, గుడో, రైసు మిల్లో చెప్పండి. ఎంతమందికి దెబ్బలు తగిలాయి, ఎవరైనా బండిలో ఇరుక్కున్నారా, మంట గాని గ్యాసు వాసన గాని ఉందా, ఈ మూడూ అడగకముందే చెప్పెయ్యండి. వాళ్ళు పెట్టెయ్యమనేదాకా ఫోన్ పెట్టకండి. అన్నిటికంటే ముఖ్యం, బండ్లు ఎటు పోయే వైపు జరిగిందో చెప్పడం. ‘రాజమండ్రి నుంచి తణుకు పోయే వైపు’ అన్న ఒక్క ముక్క చెబితే, అంబులెన్సు అవతలి రోడ్డు మీద వచ్చి, డివైడర్ సందు కోసం ముందుకి పోయి మళ్ళీ వెనక్కి తిరిగి వచ్చే పని తప్పుతుంది.